పిట్‌బుల్‌ను ఎవరు తయారుచేశారు?

2022 జులైలో లక్నోలో ఒక పెంపుడు పిట్‌బుల్ తన ఇంట్లోనే ఉన్న ఎనభై రెండేళ్ల పెద్దావిడను చంపేసింది. ఆమె రిటైరైన టీచరు. కుక్కను పెంచుతున్న కొడుకు ఆ సమయంలో ఇంట్లో లేడు. ఆ వార్తతో దేశమంతటా పిట్‌బుల్ పేరు ఇంటింటి భయమైంది. అదే ఏడాది అక్టోబరులో ఘాజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనోల పెంపకాన్ని నిషేధించింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. నెల తిరగకముందే కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసింది. సంబంధం ఉన్నవాళ్లెవరి మాటా వినకుండా తీసుకున్న నిర్ణయం చెల్లదన్నది. కొద్ది రోజులకు ఢిల్లీ హైకోర్టులోనూ అది నిలవలేదు.

ఆ లేఖ బలం పోయాక బరువంతా కొనే ఇంటి మీదికి వచ్చింది. మంథనిలో ఒక కుటుంబం పిట్‌బుల్ పిల్లను తెచ్చుకోవాలనుకుంటే దాని మంచిచెడ్డలు తేల్చుకోవలసింది వాళ్లే. ఎక్కువగా వినిపించే మాటలు రెండే: "అది రాక్షసి, దాన్ని పుట్టనీయొద్దు" అని ఒకరు, "ప్రేమగా పెంచితే పసిపాపలాంటిది" అని ఇంకొకరు. ఈ రెండు మాటలూ ప్రమాదకరమే అని నా నమ్మకం.

కథ ఇంగ్లండులో మొదలైంది. కట్టేసిన ఎద్దు మీదికి, ఎలుగుబంటి మీదికి కుక్కల్ని ఉసిగొల్పి జనం చూసి ఆనందించేవాళ్లు. 1835లో అక్కడి పార్లమెంటు ఆ వినోదాన్ని నిషేధించింది. ఎద్దును దాచడం కష్టం, రెండు కుక్కల్ని ఒక గదిలో దాచడం సులువు. పందెగాళ్ల దృష్టి కుక్కల పోరు మీదికి మళ్లింది. ఎద్దును పట్టే బుల్‌డాగ్ బలాన్ని, ఎలుకల్ని వేటాడే టెర్రియర్ చురుకును కలిపి కొత్త రకం కుక్కను తీశారు. అది వలసదారుల వెంట అమెరికా చేరింది. 1898లో అక్కడ యునైటెడ్ కెన్నెల్ క్లబ్ పుట్టి, అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్‌ను ఒక జాతిగా నమోదు చేసింది. ఆ వంశంలోవే మరికొన్నిటిని 1936లో మరో సంఘం స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ పేరుతో గుర్తించింది. పేర్లు వేరయ్యాయి కానీ మూలం ఒకటే.

పోరు కోసం వంశం తీయడం మనకు కొత్త కాదు. సంక్రాంతి బరిలో దిగే అసీల్ పుంజును చూడండి. ఎదుటి పుంజు కనబడితే చావుకు తెగిస్తుంది, అదే పుంజు పెంచిన మనిషి చంకలో కిమ్మనకుండా కూర్చుంటుంది. గెలిచిన పుంజు పిల్లల్ని దాచుకుని, బెదిరి పారిపోయిన దాన్ని కూరకు పంపుతూ తరతరాలుగా మన పెద్దలు చేసిన ఎంపిక అది. పిట్‌బుల్ విషయంలో జరిగిందీ ఇదే. సాటి కుక్క మీద కసి, నొప్పి తగిలినా వెనక్కి తగ్గని మొండితనం, పట్టింది వదలని నైజం ఉన్నవాటినే ఏరుకుని పిల్లలు తీశారు. పోరు మధ్యలో కుక్కను చేతులతో పట్టి విడదీయాలి కాబట్టి పందెగాడికి మనుషుల్ని కరవని కుక్కే పనికొచ్చేది. తోటి కుక్క మీద కోపం, మనిషి మీద కోపం వేరువేరు గుణాలని పరిశోధకులు ఇప్పుడు కొలిచి చెబుతున్నారు.

2008లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ సెర్పెల్ బృందం ముప్పైకి పైగా జాతుల యజమానులను ప్రశ్నించి లెక్క తీసింది. మనుషుల మీద కోపంలో పైన నిలిచినవి డాక్స్‌హుండ్, చివావా లాంటి బుడ్డ కుక్కలు. పరాయి కుక్కల మీద తీవ్రమైన కోపంలో మాత్రం పిట్‌బుల్, అకీటా ముందువరుసలో ఉన్నాయి. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా లోతుకు వెళ్లింది. 18,385 కుక్కల ప్రవర్తన వివరాలు సేకరించి, వాటిలో 2,155 కుక్కల డీఎన్‌ఏ చదివారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. చెప్పిన మాట వినడంలో జాతి ప్రభావం కొంత ఎక్కువ. ఎంత తొందరగా రెచ్చిపోతుంది అన్నదానిలో మాత్రం జాతి పేరు దాదాపు ఏమీ చెప్పలేకపోయింది.

ఇక్కడితో ఆగి "చూశారా, తప్పంతా పెంచేవాళ్లదే" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కరిచే అవకాశం ఒక లెక్క, కరిచాక జరిగే నష్టం మరో లెక్క. చివావా పది సార్లు కరిస్తే పది గాట్లు పడతాయి. పిట్‌బుల్ ఒక్కసారి పట్టి విదిలిస్తే కండ ఊడివస్తుంది. అమెరికాలో శాన్ ఆంటోనియో నగరపు ప్రమాద చికిత్స కేంద్రం డాక్టర్లు 2011లో తమ రోగుల వివరాలు ప్రచురించారు. పిట్‌బుల్ కరిచినవాళ్ల గాయాలు మిగతా కుక్కలు కరిచినవాళ్ల గాయాల కంటే తీవ్రంగా ఉన్నాయి. దాని దవడకు తాళం పడుతుందన్నది మాత్రం కట్టుకథ. అలాంటి అమరిక ఏ కుక్క దవడలోనూ లేదు. పట్టు వదలకపోవడం దాని ఎముకలో లేదు, తరాల ఎంపిక నిలబెట్టిన స్వభావంలో ఉంది. ఇంత శక్తి ఉన్న జంతువు విషయంలో చిన్న అజాగ్రత్తకు పెద్ద మూల్యం చెల్లించాలి.

ఇంతకీ మీకు అమ్మిన పిల్ల పిట్‌బులేనా? అమెరికాలోని ఫ్లోరిడాలో నాలుగు కుక్కల ఆశ్రయాల్లో 120 కుక్కల్ని అక్కడి అనుభవజ్ఞులైన సిబ్బందికి చూపించి జాతి చెప్పమన్నారు. 2015లో వచ్చిన ఆ అధ్యయనంలో 62 కుక్కల్ని కనీసం ఒకరైనా పిట్‌బుల్ అన్నారు. డీఎన్‌ఏలో ఆ వంశం తేలినవి 25 మాత్రమే. రోజూ కుక్కల మధ్య తిరిగేవాళ్లకే ఇంత పొరపాటు జరిగితే, వీడియో చూసి డబ్బు పంపి పిల్లను తెప్పించుకునే ఇంట్లో ఎవరు పోల్చగలరు? పెద్ద తల, వెడల్పు ఛాతీ ఉంటే చాలు, ఏ సంకరమైనా పిట్‌బుల్ పేరుతో అమ్ముడవుతుంది. పిల్లకు తల్లిదండ్రులెవరో తెలియకపోతే వాటి స్వభావం ఎలాంటిదో కూడా తెలియదు.

పేరును పట్టుకుని నిషేధిస్తే ఏమవుతుందో ఇంగ్లండే చూపించింది. 1991 చట్టంతో పిట్‌బుల్‌ను, మరో మూడు జాతుల్ని నిషేధించారు. మూడు దశాబ్దాలకు అదే రక్తం నుంచి వచ్చిన ఇంకా భారీ రకం ఎక్స్‌ఎల్ బుల్లీ వీధుల్లో తిరుగుతుంటే, 2023 డిసెంబరు 31 నుంచి దాన్నీ ఆ జాబితాలో చేర్చవలసి వచ్చింది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసినది గ్యారీ ప్యాట్రోనెక్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన పరిశీలన. అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కల దాడుల్లో జరిగిన 256 మరణాలను ఒక్కొక్కటిగా, పోలీసు అధికారులతో మాట్లాడి మరీ తవ్వారు. 87 శాతం సంఘటనల్లో అడ్డుపడగల శక్తి ఉన్న మనిషి దగ్గర లేడు. 85 శాతంలో చనిపోయిన మనిషికీ ఆ కుక్కకూ పెద్దగా పరిచయం లేదు. 77 శాతంలో ఆ మనిషి పసివాడో, వృద్ధుడో, మరో కారణంగా తనను తాను కాపాడుకోలేనివాడో. 84 శాతం కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. 76 శాతం కుక్కలు ఇంటి మనుషులతో కలిసిమెలిసి బతికినవి కావు, దూరంగా కట్టేసో మూసేసో ఉంచినవి. పదింట ఎనిమిది మరణాల్లో ఇలాంటి కారణాలు నాలుగో అంతకంటే ఎక్కువో ఒక్కచోట కలిశాయి. నమ్మదగిన ఆధారంతో జాతిని తేల్చగలిగినవి ఐదింట ఒకటి కూడా లేవు.

అంకెల్ని ఒక్కసారి మన ఇళ్ల మీద పెట్టి చూడండి. పగలంతా గేటు దగ్గర మూడు మూరల గొలుసు. పొద్దున, రాత్రి గిన్నెలో అన్నం. కొడుకు, కోడలు పనికి వెళ్లాక ఇంట్లో మిగిలేది ముసలి నాయనమ్మ, బడికి పోని పసివాడు. కాపలా కోసమే కదా తెచ్చింది, మనుషులతో కలిస్తే మెత్తబడుతుందని దాన్ని ఎవరి దగ్గరికీ పోనీయరు. కరవాలని మనం కోరి పెట్టినా ఇంతకంటే పక్కాగా అమర్చలేము. గొలుసుకు కట్టిన కుక్క భయపడితే పారిపోలేదు, దానికి మిగిలేది పళ్లే. ఆపరేషన్ అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. అమెరికాలో పెంపుడు కుక్కల్లో ఎక్కువ శాతానికి ఆపరేషన్ అయి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ 84 శాతం బరువైన మాట. అయినా ఆపరేషన్ చేయించినంత మాత్రాన కుక్క సాధువు కాదు.

మంథని వాళ్లకు మరో మాట చెప్పాలి. పక్కనే ఉన్న రామగుండంలో ఎండాకాలం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మనకు అలవాటే. అమెరికాలో ఎనిమిది నగరాల్లో పదేళ్లలో నమోదైన దాదాపు 70 వేల కుక్కకాట్లను వాతావరణంతో పోల్చిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. ఎండ, వేడి, గాలిలో ఓజోన్ పెరిగిన రోజుల్లో కాట్లు కొద్దిగా పెరిగాయి. అది కుక్క చిరాకో, ఆ రోజుల్లో మనుషులు బయట ఎక్కువగా తిరగడమో ఆ లెక్క తేల్చదు. ఏమైనా రేకుల కింద, సిమెంటు గచ్చు మీద మే నెల మధ్యాహ్నం కట్టేసిన కుక్క దగ్గరికి పసివాడిని పోనీయడం ఎంత తప్పో చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు.

కుక్క స్వభావం చాలా భాగం మన ఇంటికి రాకముందే తయారవుతుంది. 1965లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఇరవై ఏళ్ల కృషిని పుస్తకంగా తెచ్చారు. పిల్ల పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా దేన్ని చూసిందో, ఎవరితో తిరిగిందో అదే దానికి జీవితాంతం మామూలు ప్రపంచమవుతుందని వాళ్లు చూపించారు. ఎనిమిదో వారంలో పిల్లను తెచ్చుకున్నామంటే ఆ తొమ్మిది వారాల్లో ఐదు బ్రీడర్ చేతిలో గడిచిపోయినట్టే. చీకటి గదిలో ఇనుప బోనులో పెరిగిన పిల్లకు పసిపిల్లల కేక, మోటారు సైకిల్ మోత, ముసలివాళ్ల చేతికర్ర అన్నీ శత్రువులే. అందుకే పిల్లను చూడడానికి వెళ్లినప్పుడు ముందు తల్లిని చూపించమనాలి. తల్లి కొత్తవాళ్ల ముందు ఎలా ఉందో చూడాలి. తల్లిని దాచిపెట్టే బ్రీడర్ దగ్గర కొనకూడదు.

చట్టం చెప్పేది కూడా ఇలాంటిదే. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండకముందు క్రాసింగ్ చేయించకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. "నమోదు పత్రం చూపించండి" అని కొనేవాళ్లు అడగనంత కాలం ఈ నియమాలు కాగితం మీదే ఉంటాయి. చెవులు కోసి నిక్కబొడిచేలా చేసిన పిల్ల మరింత భయంకరంగా కనబడుతుందని ఎక్కువ ధర అడుగుతారు. అది హింస, దానికి డబ్బు ఇవ్వకండి. కుక్కల్ని పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇప్పటికే ఇంట్లో పిట్‌బుల్ ఉన్నవాళ్లు దాన్ని చూసి భయపడనక్కర్లేదు, ఏమరుపాటుగా మాత్రం ఉండొద్దు. 2007లో అమెరికాలో ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ పందెం స్థావరం నుంచి యాభై వరకు పిట్‌బుల్స్‌ను పట్టుకున్నారు. పోట్లాటల మధ్య బతికిన వాటిలోంచి నలభైకి పైగా కుక్కల్ని సంరక్షకులు కాపాడారు, కొన్ని తర్వాత రోగుల్ని పలకరించే కుక్కలయ్యాయి. ఓపిక ఉన్న మనిషి దొరికితే పాత బతుకు కూడా మారుతుంది. అయితే అక్కడ ప్రతి కుక్కనూ నిపుణులు విడిగా పరీక్షించారు. అందరి ముందుకూ వదిలేయలేదు. మనమూ అంతే చేయాలి. రోజూ నడిపించాలి, కానీ గొర్రెల మందలు ఇళ్లకు మళ్లే సాయంత్రం వేళ వద్దు. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఎద్దుకు కట్టే చిక్కం లాంటిది దాని మూతికీ ఉంటుంది, నోరు తెరిచి రొప్పడానికి వీలున్నది చూసి కట్టాలి. తాడు ఎప్పుడూ కుక్కను ఆపగల పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. అలవాటైన కుక్కయినా చిన్నపిల్లాడితో ఒంటరిగా వదలకూడదు. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా మళ్లీ. మన అజాగ్రత్త వల్ల ఎవరికైనా హాని జరిగితే భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు దవాఖానకు పోవాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు.

ఇంత సమయం, ఇంత జాగ్రత్త మన ఇంట్లో కుదరదనిపిస్తే పిట్‌బుల్ వద్దు. తెచ్చి, పెరిగాక భయపడి ఊరి బయట వదిలేయడం దానికీ ఊరికీ చేసే ద్రోహం. కాపలా కుక్క పని ముందు మొరగడం, ఆ పని మన వీధి కుక్క చక్కగా చేస్తుంది. మన ఎండను తట్టుకోవడం దానికి వంశంలోనే ఉంది. రెండు నెలల వీధి కుక్కపిల్లను తెచ్చుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్తే టీకా ఎప్పుడు, ఆపరేషన్ ఎప్పుడు అన్నది డాక్టరు చెబుతారు. దాని స్వభావం ఎలా ఉందో, కొత్తవాళ్లతో ఎలా అలవాటు చేయాలో కూడా ఆ రోజే అడగండి.