ఆంగ్ల నామవాచకాల బహువచన, షష్ఠీ రూపాలు

ఆంగ్ల భాషలో ఒకటి కంటే ఎక్కువను తెలిపేది బహువచనం. ఫలానావారిది అని తెలిపేది షష్ఠీ రూపం. రెండింటికీ ఎక్కువగా ఎస్ అక్షరమే చేరుతుంది కనుక విద్యార్థులు తరచు పొరబడతారు.

నియమాలు

బహువచనంలో ఎస్ మాత్రమే చేర్చాలి. అపాస్ట్రఫీ (పైకొక్కెం) అక్కరలేదు. షష్ఠిలో ఏకవచనానికి ముందు అపాస్ట్రఫీ, ఆపై ఎస్ వస్తాయి. ఎస్‌తో ముగిసే బహువచనానికి చివర అపాస్ట్రఫీ చాలు. మెన్, చిల్డ్రెన్ వంటి ఎస్ లేని బహువచనాలకు ఏకవచన పద్ధతే వర్తిస్తుంది.

తెలుగుతో పోలిక

"రైతు పొలం", "రైతుల పొలం" - తెలుగులో ఈ భేదం చెవికే తెలుస్తుంది. ఆంగ్లంలో "రైతులు", "రైతు యొక్క", "రైతుల యొక్క" అనే మూడింటికీ ఉచ్చారణ "ఫార్మర్స్" ఒక్కటే. భూమి పత్రంలో పొలం ఒకరిదో, పలువురిదో తెలిపేది ఆ గుర్తున్న చోటే.

తెలుగు నేర్చే ఆంగ్లేయులకు చిక్కు వేరు: ఇల్లు, ఇళ్ళు, ఇంటి, ఇళ్ళ అని పదమే మారుతుంది. 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చిన సి.పి.బ్రౌన్, ఆంగ్లేయుల కోసం రచించిన తెలుగు వ్యాకరణాన్ని 1840లో ప్రచురించాడు.

కర్నూలు-కడప కాలువ (కె.సి.కెనాల్) పేరులో మాత్రం రెండు భాషలలోనూ షష్ఠీ గుర్తు లేదు, ఊరి పేర్లే విశేషణాలుగా నిలిచాయి.