రెండుసార్లు గుమ్మం దాకా.. అజీజ్‌నగర్ ఫుట్‌బాల్ జట్టు పయనం

మొయినాబాద్: వీసా బాలాజీగా పేరొందిన చిలుకూరు స్వామి చెంతకు విదేశాలకు వెళ్లగోరే యువత వచ్చి ప్రదక్షిణలు చేయడం అందరికీ తెలిసిందే. అదే మండలంలోని అజీజ్‌నగర్‌కు మాత్రం విదేశీయులే వీసా తీసుకుని వచ్చారు. కొలంబియా, నైజీరియా దేశాల ఆటగాళ్లు, స్పెయిన్, పోర్చుగల్ దేశాల శిక్షకులు ఇక్కడి డెక్కన్ ఎరీనా మైదానంలో చెమటోడ్చారు. వారు వచ్చింది శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్ కోసం. దేశంలోని పెద్ద లీగులో అడుగుపెట్టడమే ఈ జట్టు లక్ష్యం. 2022-23లో ఐ-లీగ్‌లో రెండో స్థానం. 2023-24లోనూ రెండో స్థానమే. రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

అంత దగ్గరకు వచ్చిన జట్టు పైకి ఎందుకు వెళ్లలేకపోయిందన్న సందేహం ఆటపై ఆసక్తి ఉన్నవారికి సహజంగానే కలుగుతుంది. జవాబు మైదానంలో కొంత, మైదానం వెలుపల కొంత ఉంది.

మెట్లు ఇలా..

భారత ఫుట్‌బాల్ అంచెలంచెలుగా నడుస్తుంది. అన్నింటికన్నా పైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్). దాని కింద ఐ-లీగ్ ఉండేది. ఆ దిగువన ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3 ఉండేవి. అట్టడుగున రాష్ట్ర సంఘాలు నిర్వహించే లీగులు. గెలిచిన జట్టుకు మూడు పాయింట్లు, సమమైతే చెరొకటి. సీజన్ ముగిశాక పట్టిక పైభాగాన ఉన్నవారు ఒక మెట్టు ఎక్కాలి, అడుగున ఉన్నవారు ఒక మెట్టు దిగాలి. ఐరోపా దేశాల్లో చిన్న పట్టణపు జట్టు సైతం ఏళ్ల తరబడి శ్రమించి అగ్రశ్రేణికి చేరగలగడానికి కారణం ఈ నియమమే.

మన దేశంలో ఈ నియమం సగమే అమలైంది. 2014లో మొదలైన ఐఎస్ఎల్ అచ్చం ఐపీఎల్ తరహాలో ఏర్పడింది. ఐపీఎల్‌లో చివరి స్థానంలో నిలిచిన జట్టు మరుసటి ఏడాదీ ఐపీఎల్‌లోనే ఆడుతుంది. రంజీ ట్రోఫీ గెలిచిన జట్టుకు ఐపీఎల్‌లో చోటు దక్కదు. ఫుట్‌బాల్‌లోనూ అదే జరిగింది. 2017లో మిజోరంకు చెందిన ఐజ్వాల్ జట్టు దిగ్గజాలను వెనక్కి నెట్టి ఐ-లీగ్ విజేతగా నిలిచింది. అయినా ఐఎస్ఎల్ తలుపు తెరుచుకోలేదు. అదే ఏడాది బెంగళూరు ఎఫ్‌సీ, 2020లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అందులో ప్రవేశించాయి కానీ, అవి వెళ్లింది పట్టికలోని స్థానంతో కాదు, ఒప్పందాలతో.

2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య భారత ఫుట్‌బాల్‌కు ఒక ప్రణాళిక ఖరారు చేసింది. 2022-23 సీజన్ నుంచి ఐ-లీగ్ విజేతకు ప్రవేశ రుసుము లేకుండానే ఐఎస్ఎల్‌లో చోటివ్వాలన్నది అందులో ముఖ్యాంశం. ఇక్కడ గమనించాల్సిన మాట 'విజేతకు' అన్నది. రెండో స్థానానికి ఏమీ లేదు. కనీసం అర్హత పోటీ కూడా లేదు.

పేరు విశాఖది.. ఊరు హైదరాబాద్‌ది

విద్యాసంస్థలు నడుపుతున్న శ్రీనిధి సమూహం 2015లో ఈ క్లబ్‌కు బీజం వేసింది. తొలి ఏళ్లలో పెద్దల జట్టు లేదు. 13, 15, 18 ఏళ్లలోపు బాలుర జాతీయ పోటీల్లో పిల్లలను ఆడించడంతోనే సరిపెట్టుకుంది. ఇది మెచ్చుకోదగిన పద్ధతి. ముందు పెద్ద ఆటగాళ్లను కొని, ఆ తర్వాత పిల్లల సంగతి చూద్దామనుకునే క్లబ్‌లే మన దగ్గర ఎక్కువ.

2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లో కొత్త జట్లకు దరఖాస్తులు పిలిచింది. దిల్లీకి చెందిన సుదేవాకు, విశాఖపట్నం పేరిట దరఖాస్తు చేసిన శ్రీనిధికి అవకాశం లభించింది. ఆ తర్వాత క్లబ్ మకాం హైదరాబాద్‌కు మారింది. పేరుకు 'డెక్కన్' చేరింది. విశాఖ అభిమానుల ఆశ అలా అడియాసైంది.

అంటే శ్రీనిధి కింది మెట్టు నుంచి నడిచి రాలేదు. దరఖాస్తుతో నేరుగా రెండో అంచెలో అడుగుపెట్టింది. దీన్ని తప్పుపట్టే వారున్నారు. అయితే నడిచి రావాలనుకున్న వారి గతి ఏమైందో కూడా చూడాలి. 2015లోనే ఏర్పడిన ఫతే హైదరాబాద్ అనే క్లబ్ ఐ-లీగ్ ద్వితీయ శ్రేణిలో ఆడి పైకి వెళ్లాలని యత్నించింది. ఎంత తలపడినా ఫలితం దక్కలేదు. చివరకు తెరమరుగైంది. ద్వితీయ శ్రేణిలో ప్రయాణ ఖర్చులకు కొదవ ఉండదు, ప్రేక్షకులకు, ప్రకటనలకు మాత్రం కరవే. అక్కడ రెండుమూడేళ్లు నిలదొక్కుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

తొలి ఏడాదే సంచలనం

2021 డిసెంబరులో కోల్‌కతాలో జరిగిన ఐఎఫ్ఏ షీల్డ్ పోటీల్లో శ్రీనిధి ఫైనల్‌కు చేరి రియల్ కశ్మీర్ చేతిలో 2-1 తేడాతో ఓడింది. పెద్దల జట్టు ఏర్పడిన ఏడాదే వందేళ్లకు పైబడిన చరిత్రగల టోర్నీలో తుదిపోరుకు చేరడం విశేషం. అదే నెలలో ఐ-లీగ్ మొదలైంది. మణిపుర్‌కు చెందిన నెరోకా చేతిలో తొలి మ్యాచ్‌లోనే 3-2తో ఓటమి. ఆ వెంటనే ఆటగాళ్ల బసలో కొవిడ్ ప్రబలడంతో లీగ్ ఆగిపోయింది. 2022 మార్చిలో తిరిగి ప్రారంభమైంది. సీజన్ మొత్తం పశ్చిమ బెంగాల్‌లోనే జరగడంతో సొంత ప్రేక్షకుల ఎదుట ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే శ్రీనిధి తొలి ఏడాది గడిచిపోయింది.

ఆ సీజన్‌లో మరచిపోలేని రోజు 2022 మే 10. ప్రత్యర్థి గోకులం కేరళ. అప్పటికి 21 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని జట్టు. ఇంకొక్క పాయింటు వస్తే వరుసగా రెండో ఏడాది టైటిల్ దానిదే. అంటే ఓడకుండా ఉంటే చాలు. సంబరాలకు సర్వం సిద్ధమైన వేళ శ్రీనిధి ఆటగాడు లాల్‌రోమావియా మూడు గోల్స్‌తో గోకులం ఆశలపై నీళ్లు చల్లాడు. 3-1తో శ్రీనిధి గెలిచింది. గోకులం నాలుగు రోజులు ఆగి, మహమ్మదన్ స్పోర్టింగ్‌ను 2-1తో ఓడించాక గానీ కప్పు అందుకోలేకపోయింది. ఆ ఏడాది శ్రీనిధికి మూడో స్థానం దక్కింది.

అప్పుడు మూడు, ఆ తర్వాత రెండు, మళ్లీ రెండు. తొలి మూడు సీజన్లలో ఇంత నిలకడ చూపిన కొత్త క్లబ్‌లు అరుదు. పోర్చుగల్ శిక్షకుడు కార్లోస్ వాజ్ పింటో చేతికి పగ్గాలు వచ్చాక ఆట మరింత పదునెక్కింది. ముందు వరుసలో కొలంబియాకు చెందిన డేవిడ్ కాస్టనెడా, మధ్యలో నైజీరియాకు చెందిన రిల్వాన్ హసన్ జట్టుకు వెన్నెముకగా నిలిచారు. 2022-23లో అజీజ్‌నగర్ మైదానం సొంత గడ్డ అయింది. ఆ సీజన్‌లో రౌండ్‌గ్లాస్ పంజాబ్ మరీ బలంగా ఉండటంతో ముగింపుకు ముందే టైటిల్ ఎగరేసుకుపోయింది. ఐ-లీగ్ నుంచి ఐఎస్ఎల్‌కు ఎదిగిన తొలి జట్టుగా నమోదైంది.

2023-24 మాత్రం మనసు నొప్పించేది. మహమ్మదన్ స్పోర్టింగ్‌ను చివరిదాకా వెంటాడింది శ్రీనిధే. 2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో లజోంగ్ జట్టును మహమ్మదన్ 2-1తో ఓడించింది. ఇంకా ఒక మ్యాచ్ మిగిలి ఉండగానే లెక్క తేలిపోయింది. 1891లో పుట్టిన క్లబ్ పైకి వెళ్లింది. 2015లో పుట్టినది ఆగిపోయింది.

ఓడినా ఉన్నారు.. గెలిచినా లేరు

నియమంలోని లొసుగు తేటతెల్లమైంది ఆ సీజన్‌లోనే. హైదరాబాద్‌కు అప్పట్లో ఐఎస్ఎల్‌లో వేరే జట్టు ఉండేది. 2019లో పుణె సిటీ స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. తెలుగు నేలకు అది పండుగ రోజు. రెండేళ్లు తిరగకముందే పరిస్థితి తలకిందులైంది. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టి విదేశీ ఆటగాళ్లు నిష్క్రమించారు. 2023-24 ఐఎస్ఎల్ పట్టికలో ఆ జట్టు అట్టడుగున నిలిచింది. అదే సీజన్‌లో, 2024 జనవరిలో, భువనేశ్వర్‌లో జరిగిన సూపర్ కప్‌లో శ్రీనిధి దానితో తలపడి ఓడించింది. పై అంచెలోని మరో జట్టు కేరళ బ్లాస్టర్స్‌కూ అంతకుముందు ఏడాది ఇదే కప్‌లో శ్రీనిధి చేతిలో 2-0తో పరాభవం తప్పలేదు.

అయినా మరుసటి ఏడాది పైలీగ్‌లో ఆడింది హైదరాబాద్ ఎఫ్‌సీయే. కింది లీగ్‌లోనే మిగిలింది శ్రీనిధి. ఐఎస్ఎల్ నుంచి కిందికి దించే నిబంధన అప్పటికి అమల్లోకి రాకపోవడమే కారణం. విచిత్రమేమంటే ఐ-లీగ్ నుంచి దించడానికి మాత్రం ఏ మినహాయింపూ లేదు. ఆ ఏడాదే నెరోకా, ట్రావ్ అనే రెండు మణిపుర్ జట్లు కింది అంచెకు జారాయి. అల్లర్లతో అట్టుడికిన సొంత రాష్ట్రంలో ఆడే వీలు లేక పరాయి మైదానాల్లో తలపడిన జట్లవి. నియమం బలహీనుడికే వర్తిస్తుందన్న మాట ఇలాంటి చోటే పుడుతుంది.

ఆటతోనే సరిపోదు

విజేతగా నిలిచినా పని పూర్తికాదు. పై లీగ్‌లో ఆడాలంటే క్లబ్ లైసెన్సు ఉండాలి. మైదానం ప్రమాణాలు, అర్హతగల శిక్షకులు, బాలుర జట్లు, ఆటగాళ్లతో రాతపూర్వక ఒప్పందాలు, సక్రమమైన లెక్కలు.. వీటన్నింటినీ పరిశీలించాకే లైసెన్సు ఇస్తారు. విద్యాప్రాంగణంలో సొంత మైదానం, ఏళ్ల తరబడి నడిపిన బాలుర జట్లు ఉన్న శ్రీనిధికి ఇందులో కొంత వెసులుబాటు ఉంది. అయితే డెక్కన్ ఎరీనా వేలాది మంది కూర్చుని చూసే స్టేడియం కాదు. పై లీగ్‌కు చేరితే గచ్చిబౌలి బాలయోగి స్టేడియం వంటి పెద్ద వేదిక వైపు చూడక తప్పదు.

ఇక పట్టిక లెక్క న్యాయస్థానం మెట్లు ఎక్కిన ఉదంతమూ ఉంది. 2023లో దరఖాస్తుతో ఐ-లీగ్‌లోకి వచ్చిన వారణాసి జట్టు ఇంటర్ కాశీ, 2024-25లో గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్‌తో పోటీపడింది. ఏప్రిల్‌లో చర్చిల్‌ను విజేతగా ప్రకటించారు. కాశీ జట్టు స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2025 జులైలో తీర్పు దానికే అనుకూలంగా వచ్చింది. రెండేళ్ల వయసున్న క్లబ్ అలా పైకి వెళ్లింది. శ్రీనిధి రెండేళ్లు తట్టిన తలుపే అది. 2024-25లో మాత్రం మన జట్టు తొలి మూడు స్థానాల్లో లేదు.

పాత పునాది

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం నెగ్గింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు రెండుసార్లు, ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ అందుకున్నాయి. ఆ తర్వాత క్రమేణా ఆట తగ్గింది. ఉద్యోగాలిచ్చి ఆడించిన సంస్థల జట్లు బలహీనపడ్డాయి, వాటి చోటు భర్తీ చేసే వృత్తిగత క్లబ్‌లు రాలేదు. పల్లెల్లో ఎండాకాలం సెలవులు వస్తే బ్యాటే కనిపిస్తుంది.

అయినా జిల్లాల్లో ప్రతిభకు లోటు లేదనడానికి నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య ఉదాహరణ. తండాలో పుట్టి, భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. అలాంటి ఆటగాళ్లకు సొంత రాష్ట్రంలోనే జీతమిచ్చి, శిక్షణనిచ్చే క్లబ్ ఉంటే ఊరు విడిచి వెళ్లాల్సిన అగత్యం తగ్గుతుంది. బాలురకైనా బాలికలకైనా ఇదే వర్తిస్తుంది.

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మారి, దిల్లీకి తరలిపోయింది. పట్టికలో కిందికి దించలేకపోయిన జట్టును వ్యాపారం ఊరే దాటించింది. దాంతో తెలుగు రాష్ట్రాలకు పై లీగ్‌లో ప్రాతినిధ్యం లేకుండా పోయింది. ఆ లోటు తీరాలంటే మరో సంస్థ రుసుము చెల్లించి కొత్త జట్టును తేవాలి. లేదా అజీజ్‌నగర్ జట్టు కింది లీగ్‌లో మొదటి స్థానంలో నిలవాలి. రెండోది కాదు, మొదటిదే.