మెట్లదారి యాత్రికులు – ఆహార నియమాలు

తిరుమల కొండను కాలినడకన చేరుకోవాలన్న సంకల్పంతో ప్రతిదినమూ వేలాది భక్తులు తొలి మెట్టుకు నమస్కరించి బయలుదేరుతారు. అలిపిరి మార్గంలో మెట్లు 3,550. దూరం సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు మార్గంలో మెట్లు 2,388. దూరం రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. మొదటి దారి సుదీర్ఘమైనది, రెండవది నిటారైనది. ఏ దారిన వెళ్ళినా శరీరానికి అది కఠినమైన వ్యాయామమే.

నిత్యం వ్యాయామం చేసేవారు కసరత్తుకు ముందు ఏమి తినాలి, తరువాత ఏమి తినాలి అన్నది ఒక నియమంగా పాటిస్తారు. ఏడాదికి ఒకసారి కొండనెక్కే యాత్రికులలో చాలామంది ఈ విషయాన్ని పట్టించుకోరు. కొందరు ముందురోజు రాత్రి నుండి నిరాహారులై మెట్లెక్కుతారు. మరికొందరు దారిలో ఆకలి వేస్తుందన్న భయంతో కడుపునిండా పూరీలు, వడలు ఆరగించి అప్పటికప్పుడే బయలుదేరుతారు. ఈ రెండు పద్ధతులూ శరీరానికి హితమైనవి కావు.

శ్రమకు ఇంధనం

అన్నం, ఇడ్లీ, పండ్లు మొదలైన వాటిలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అందులో కొంత భాగం గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోను, కండరాలలోను నిల్వ ఉంటుంది. కాలేయంలోని నిల్వ సుమారు 100 గ్రాములు మాత్రమే. భోజనానికి భోజనానికి నడుమ రక్తంలోని చక్కెరను నిలకడగా ఉంచి, మెదడుకు ఆహారం అందించేది ప్రధానంగా ఈ నిల్వయే. రాత్రంతా ఏమీ తినకపోతే తెల్లవారేసరికి ఇందులో అధికభాగం ఖర్చవుతుంది.

60 కిలోల బరువున్న వ్యక్తి 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి సుమారు 60 కిలోకేలరీల శక్తి కావాలి. అలిపిరి నుండి తిరుమలకు ఎక్కవలసిన ఎత్తు ఏడువందల మీటర్ల వరకు ఉంటుంది. అనగా ఎక్కడానికి మాత్రమే 400 కిలోకేలరీలకు పైగా ఖర్చవుతాయి. ఆరోగ్యవంతుని శరీరం ఇందుకు కొవ్వును కూడ వినియోగించుకోగలదు. అయినా అలవాటు లేనివారికి ఖాళీకడుపుతో నడిచినప్పుడు నీరసం, కళ్ళు తిరగడం, కాళ్ళు వణకడం కలుగవచ్చు.

కడుపునిండా తిన్నప్పుడు ఇబ్బంది వేరు విధంగా ఉంటుంది. జీర్ణక్రియకు ఉదరానికి, శ్రమకు కాళ్ళకు ఏకకాలంలో రక్తం అధికంగా కావలసివస్తుంది. ఫలితంగా వికారం, కడుపునొప్పి, ఆయాసం కలుగుతాయి. గుండెకు సంబంధించిన వ్యాధి ఉన్నవారికి ఈ భారం ప్రమాదకరం కూడ కావచ్చు. నూనెలో వేయించిన పదార్థాలు ఉదరంలో చాలాసేపు నిలిచి ఉంటాయి కనుక ప్రయాణానికి ముందు వాటిని విడిచిపెట్టడం మంచిది.

బయలుదేరే ముందు

మెట్లెక్కడానికి రెండు మూడు గంటల ముందు మితమైన అల్పాహారం తీసుకోవాలి. మూడు ఇడ్లీలు, లేదా ఒక గిన్నెడు ఉప్మా, లేదా అటుకులు, లేదా రాగిజావ సరిపోతుంది. తెల్లవారుజామునే బయలుదేరేవారికి అంత వ్యవధి ఉండదు. అట్టివారు అరగంట ముందు ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలు తిని, ఒక గ్లాసు నీరు త్రాగి నడక ప్రారంభించవచ్చు.

ఉపవాసవ్రతం ఉన్నవారు తమ కుటుంబ సంప్రదాయంలో పాలకు, పండ్లకు అనుమతి ఉన్నట్లయితే వాటిని తప్పక స్వీకరించాలి. సంపూర్ణ నిరాహార నియమం ఉన్నవారు ఆ వ్రతాన్ని వేరొక దినమున ఆచరించి, మెట్లెక్కే రోజున మితాహారం తీసుకోవడం క్షేమకరం.

దారిలో

అలిపిరి మార్గంలో గాలిగోపురం వరకు ఎక్కుడు కఠినంగా ఉంటుంది. ఆ తరువాత చాలాదూరం దారి సులభమై, మోకాళ్ళమెట్టు వద్ద మళ్ళీ నిటారవుతుంది. కనుక తొలి ఉత్సాహంలో వేగంగా ఎక్కి అలసిపోరాదు. దాహం వేసేదాకా ఆగకుండ, ఇరవై ముప్పై నిమిషాలకొకసారి కొద్దికొద్దిగా నీరు త్రాగాలి. చెమటతోపాటు ఉప్పు కూడ పోతుంది. అందుచేత ఎండలో నడిచేవారు ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మరసం గాని మధ్యమధ్య తీసుకోవాలి. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు విషయంలో తమ వైద్యుని సలహాను పాటించాలి.

శ్రీరామనవమి నాడు మనం స్వీకరించే పానకం, వడపప్పు ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోదగినవి. బెల్లపు పానకంలో నీరు, త్వరగా శక్తినిచ్చే చక్కెర ఉన్నాయి. నానిన పెసరపప్పులో మాంసకృత్తులు ఉన్నాయి. ఎండవేళ శ్రమించే శరీరానికి ఈ మూడూ అవసరమే.

కొండ చేరిన తరువాత

మొదట కొంతసేపు కూర్చొని విశ్రమించి, నీరు త్రాగాలి. ఆపై గంట రెండు గంటలలోపు భోజనం చేయడం మంచిది. ఖర్చయిన నిల్వలను నింపడానికి పిండిపదార్థం, అలసిన కండరాలను సరిచేయడానికి మాంసకృత్తులు కావాలి. పెద్దలకు ఈ భోజనంలో 20 గ్రాముల వరకు మాంసకృత్తులు అందితే చాలును. అన్నంలో ఒక గిన్నెడు గట్టిపప్పు, ఒక కప్పు పెరుగు, గుప్పెడు శనగల గుగ్గిళ్ళు ఉంటే ఇంచుమించు ఆ మొత్తం సమకూరుతుంది. ఇందుకు ప్రత్యేకమైన పొడులు కొనవలసిన పని లేదు. తిరుమలలోని మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద సముదాయంలో వడ్డించే అన్నం, సాంబారు, మజ్జిగ ఈ అవసరాన్ని చాలావరకు తీరుస్తాయి. దద్ధ్యోదనం, పెసరపప్పు పొంగలి కూడ ఇట్టి ఆహారమే.

మధుమేహం ఉన్నవారికి ముఖ్యగమనిక

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మందు వేసుకొని, ఆహారం మాని మెట్లెక్కడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. మందు చక్కెరను తగ్గిస్తుంది. నడక మరింత తగ్గిస్తుంది. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గితే చెమట, వణకు, గుండెదడ, తడబాటు కనిపిస్తాయి. వీటిని నడక వలన కలిగిన అలసటగా పొరబడే అవకాశం ఉంది. కనుక యాత్రకు ముందే వైద్యుని సంప్రదించి ఆనాటి మందు మోతాదును నిర్ణయించుకోవాలి. తమకు మధుమేహం ఉన్నదని తోడివారికి తెలియజేయాలి. జేబులో గ్లూకోజు పొడి గాని, చక్కెర పొట్లం గాని ఉంచుకోవాలి.

లక్షణాలు కనిపించగానే నడక ఆపి, మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగాలి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మరల అంతే తీసుకోవాలి. తేరుకొన్న పిదప అరటిపండు గాని, అల్పాహారం గాని తినాలి. లడ్డూలో చక్కెర ఉన్నా నెయ్యి కూడ ఉన్నందున ఆ చక్కెర రక్తంలో త్వరగా చేరదు. అందుచేత మొదట చక్కెరనీరే ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు. వెంటనే 108కి ఫోను చేసి, సమీపంలోని సిబ్బందికి తెలియజేయాలి. ఛాతీలో నొప్పి, బరువు అనిపించినవారు కూడ అక్కడే ఆగి సహాయం కోరాలి. కొండ చేరిన తరువాత కూడ, ఆ రాత్రి వరకు చక్కెర తగ్గే అవకాశం ఉన్నందున రాత్రి భోజనం మానరాదు.

దాతలకు ఒక విన్నపం

పర్వదినాలలో మెట్లదారి క్షేత్రాలన్నింటా యాత్రికులకు ఆహారం పంచే దాతలు ఎందరో ఉన్నారు. వేయించిన పదార్థాలకు బదులు అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, పానకం, గుగ్గిళ్ళు సమకూర్చగలిగితే అవి నడిచేవారికి అధికంగా ఉపకరిస్తాయి. మజ్జిగకు, పానకానికి శుద్ధమైన నీటినే వాడి, పాత్రలపై మూతలు ఉంచాలి. పానకం పంచేచోట చక్కెర లేని మజ్జిగను కూడ ఉంచితే మధుమేహులకు సౌకర్యంగా ఉంటుంది. ఎవరైనా చెమటలతో వణకుతూ కూర్చుండిపోయినట్లు కనిపిస్తే, వారిని పలకరించి మధుమేహం ఉన్నదేమో అడగండి. ఉన్నదంటే, అప్పుడు వారికి కావలసినది ఆ గ్లాసెడు పానకమే.