షరతు వాక్యాలు, సముచ్చయాలు: తెలుగు 'తే' నుంచి ఇంగ్లిష్ 'ఇఫ్' దాకా

ఉద్దేశాలు: ఈ భాగం చదివిన తరువాత మీరు
• ఇంగ్లిష్ షరతు వాక్యాలలో తగిన క్రియారూపాన్ని ఎంచుకోగలుగుతారు.
• 'ఇఫ్', 'వెన్', 'అన్‌లెస్', 'దో' అనే సముచ్చయాలను సరిగా వాడగలుగుతారు.

1. తెలుగులో షరతు

కోదాడ ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే రైతులు అనుకొనే రెండు మాటలు చూడండి.

అ) కాలువకు నీళ్లొస్తే నాట్లు వేస్తాం.
ఆ) కాలువకు నీళ్లొస్తే నాట్లు వేసేవాళ్లం.

మొదటిదానిలో ఆశ ఉంది. రెండవదానిలో నీళ్లు రాలేదన్న బాధ ఉంది. అయినా 'వస్తే' మారలేదు. భేదమంతా చివరి క్రియలోనే ఉంది. ఈ 'తే' రూపాన్ని చేదర్థకం అని మీరు బడిలో చదువుకున్నారు. సంస్కృతంలో 'చేత్' అంటే 'అయితే' అని అర్థం. ఇంగ్లిష్‌లో షరతుకు 'ఇఫ్' అనే విడి మాట ఉంది. పైగా అర్థాన్ని బట్టి రెండు ఉపవాక్యాలలోనూ క్రియ మారుతుంది.

2. మూడు రకాలు

జరగవచ్చు: ఇఫ్ ద వాటర్ కమ్స్, వుయ్ విల్ ప్లాంట్.
ఊహ మాత్రమే: ఇఫ్ ద వాటర్ కేమ్, వుయ్ వుడ్ ప్లాంట్.
గతంలో జరగలేదు: ఇఫ్ ద వాటర్ హాడ్ కమ్, వుయ్ వుడ్ హావ్ ప్లాంటెడ్.

రెండవ వాక్యంలో 'కేమ్' రూపంలోనే భూతకాలం. అక్కడ అది గతాన్ని చెప్పదు, సందేహాన్ని చెబుతుంది. మొదటి రకంలో విషయం భవిష్యత్తుకు చెందినదే అయినా, 'ఇఫ్' ఉన్న భాగంలో సాధారణంగా 'విల్' రాదు. 'ఇఫ్ ద వాటర్ విల్ కమ్' అని రాయకండి.

3. సముచ్చయాలు

ఇఫ్, వెన్: 'నేను కోదాడ వస్తే ఫోన్ చేస్తాను' అన్నప్పుడు రావడం ఖాయమా, అనుమానమా? తెలుగులో సందర్భం చెబుతుంది. ఇంగ్లిష్‌లో ఖాయమైతే 'వెన్', అనుమానమైతే 'ఇఫ్' వాడాలి. ఉద్యోగం ఖాయమైన తరువాత కూడా 'ఇఫ్ ఐ జాయిన్' అని ఉత్తరం రాస్తే, చేరే ఉద్దేశం మీకు ఉందో లేదో అని అవతలివారు అనుమానిస్తారు.

అన్‌లెస్: ఈ మాటలోనే 'కాకపోతే' అనే వ్యతిరేకార్థం ఉంది. 'అన్‌లెస్ యు పే ద ఫీ, యు విల్ నాట్ గెట్ ద హాల్ టికెట్' అనేది సరైన వాక్యం. 'కట్టకపోతే' అన్న తెలుగు మాట మనసులో మెదిలి, 'అన్‌లెస్ యు డు నాట్ పే' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది: ఫీజు కట్టకపోతేనే హాల్ టికెట్ వస్తుందని చెప్పినట్టు!

దో: 'నీళ్లొచ్చినా నాట్లు పడలేదు' అనేది అప్యర్థకం. ఇంగ్లిష్‌లో 'దో' పెట్టిన తరువాత 'బట్' అక్కరలేదు. రెండు ఉపవాక్యాలను కలపడానికి ఒక ముడి చాలు.

గమనిక: 'ఇఫ్' భాగం ముందు వస్తే దాని తరువాత కామా పెట్టండి. వెనుక వస్తే సాధారణంగా అక్కరలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

తప్పులు దిద్దండి.
1. ఇఫ్ ఐ విల్ పాస్, ఐ విల్ అప్లై.
2. దో హి వాజ్ ఇల్, బట్ హి కేమ్.
3. ఇఫ్ యు హాడ్ టోల్డ్ మి, ఐ విల్ కమ్.

జవాబులు: 1. మొదటి 'విల్' తీసివేయాలి. 2. 'బట్' తీసివేయాలి. 3. 'ఐ వుడ్ హావ్ కమ్' అనాలి.

మూడవది తప్పితే దిగులుపడకండి. 'చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి' అని ముందు తెలుగులో అనుకొని, ఆ పని జరిగిందా, లేదా అని ప్రశ్నించుకోండి. జరగలేదని తేలితే ఏ రకం వాడాలో మీకే తెలుస్తుంది.