వణకు చేతులకు శస్త్రచికిత్స

నాంపల్లి స్టేషను దరి చాయి దుకాణములలో కప్పును రెండు చేతుల బిగించి పట్టి త్రాగు పెద్దలను మనము చూచియే యుందుము. ఆబిడ్సు పెద్ద తపాలా కచేరిలో సంతకము చేయవలసి వచ్చినంతనే వెనుకవారికి చోటిచ్చి తప్పుకొను స్త్రీలును కలరు. లోకము దీనిని భయమనియో, ముసలితనమనియో సరిపెట్టుకొనును. మా యెఱుకలోని యొక యిల్లాలు చాయి తొణకునని పేరంటములకే పోవుట మానినది. "ఆపరేషనుతో తగ్గునట, అత్తగారికి చేయింపవచ్చునా?" యని యామె కోడలు మమ్మడిగినది.

వైద్యులు దీనిని ఎసెన్షియల్ ట్రెమర్ అందురు. ఇది పార్కిన్సన్ వ్యాధి కాదు. అందు చేయి ఒడిలో ఊరకున్నప్పుడు వణకుట యెక్కువ. ఇందు గరిటెయో కలమో పట్టినప్పుడు వణకును. తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చుట తఱచు. మొదటి చికిత్స మందే. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ అనునవి పలువురకు కొంత మేలు చేయును. ఉబ్బసము గలవారికి మొదటిది తగదు.

మందులు పనిచేయనప్పుడే శస్త్రచికిత్స మాట. మెదడులో థాలమస్ అను భాగమున నొక చిన్నచోటు ఈ వణకునకు దారి. పూర్వ మా చోటును కాల్చెడివారు. 1987లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమున బెనబిడ్ అను వైద్యుడు, కాల్చుటకు ముందు విద్యుత్తుతో చోటు పరీక్షించుచు, వేగముగా విద్యుత్తు పంపినంత వణకు ఆగుట గమనించెను. అంతట కాల్చుట మాని, సన్నని తీగె నచ్చటనే నిలిపి, మెడయెముక క్రింద చర్మములో బ్యాటరీ నమర్చు పద్ధతి పుట్టినది. మెదడునకు నొప్పి తెలియదు. కావున తఱచుగా రోగిని మేలుకొలిపియే యుంచి, చుట్టలు చుట్టలుగా గీత గీయుమందురు. గీత తిన్నబడుట అచ్చటనే కానవచ్చును! ఇందలి సుగుణ మేమనగా, విద్యుత్తును తగ్గింపవచ్చును, హెచ్చింపవచ్చును, ఆపవచ్చును. అయిన రక్తస్రావము, చీము పట్టుట, మాట తడబడుట అను భయములు లేకపోలేదు. బ్యాటరీని కొన్నియేండ్లకు మార్చవలెను. వ్యయము లక్షలమీది మాట.

కత్తి తగులని పద్ధతియు నొకటి కలదు. తల గొరిగి, ఎమ్మారై యంత్రములో పరుండబెట్టి, చెవికి వినరాని ధ్వనితరంగములను పుఱ్ఱె వెలుపలినుండి ఒక్క బిందువున గూర్చి, ఆ వేడితో నా చోటును మాడ్చుదురు. అమెరికాలో 2016లో దీని కనుమతి లభించినది. మాడినది మాడినదే, మరల రాదు. కొందఱికి తిమ్మిరి, నడకలో తూలుట మిగులును.

మెదడులో తీగె లమర్చు చికిత్స పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో కలదు. నాంపల్లినుండి మెట్రో రైలులో నేరుగా పోవచ్చును.

కోడలితో మేమన్న దొక్కటే: మీ అత్తగారి నడిగితివా యని. ఆమె నడుగగా, మనుమరాలికి తన చేత తిన్నగా బొట్టు పెట్టిన చాలునన్నదట. ఇంతవరకు మందైనను వాడి చూడలేదనియు నప్పుడే తేలినది. వచ్చు వారము నరముల వైద్యునియొద్దకు పోవుచున్నారు.