చిట్టెలుక పేగు నుండి మనిషి పేగు వరకు: ఇంటర్‌ల్యూకిన్-10 ప్రయోగాలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
రక్తవిరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం వంటి లక్షణాలతో ఏళ్ల తరబడి వేధించే పేగువాపు వ్యాధులలో అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి ప్రధానమైనవి. ఇవి నగరవాసుల జబ్బులన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఉదరసంబంధ లక్షణాలున్న 30,000 మందికి పైగా పరీక్షించి, హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం ఇవి గ్రామీణులలోనూ గణనీయంగా ఉన్నట్లు తెలిపింది. ఈ స్థితిలో “ఎలుకలకు నయమైంది” అనే వార్త ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిసర పల్లెల్లోని రోగికి ఎంతవరకు భరోసా ఇవ్వగలదు? ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, పులివెందులలో పశుపరిశోధన కేంద్రం, జమ్మలమడుగులో శతాబ్దానికి పైబడిన క్యాంబెల్ ఆసుపత్రి ఉన్న ఈ సీమకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

2. ప్రయోగ విధానం:
డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం కలిపిన నీటిని చిట్టెలుకలకు కొద్దిరోజులు తాగిస్తే పెద్దపేగు లోపొర దెబ్బతిని వాపు వస్తుంది. కొన్నింటికి పరీక్షించదలచిన ప్రోటీన్ ఇచ్చి, మిగిలినవాటిని పోలిక కోసం ఉంచుతారు. బరువు, మలంలో రక్తం, పెద్దపేగు పొడవు, కణజాలస్థితిని పరిశీలిస్తారు. వాపు వల్ల పేగు పొట్టిదవుతుంది కనుక పొడవు కూడా ఒక కొలమానమే.

3. ఇంటర్‌ల్యూకిన్-10:
ఇది రోగనిరోధక కణాల ఉద్రేకాన్ని అణచే ప్రోటీన్. దీని జన్యువును తొలగించిన చిట్టెలుకలకు పేగువాపు వస్తుందని జర్మనీలోని కొలోన్ పరిశోధకులు 1993లో చూపారు. ఈ ప్రోటీన్‌ను స్రవించేలా మార్చిన లాక్టోకాకస్ బ్యాక్టీరియాను తినిపిస్తే వాపు తగ్గుతుందని బెల్జియం పరిశోధకులు 2000లో నిరూపించారు.

అయితే క్రోన్స్ రోగులకు ఈ ప్రోటీన్‌ను సూదిమందుగా ఇచ్చినప్పుడు ఫలితం స్వల్పమే. అది రక్తంలో ఎక్కువసేపు నిలవదు. పేగు పొరకు తగినంత చేరదు. మోతాదు పెంచితే వాపును ప్రేరేపించే ఇంటర్‌ఫెరాన్-గామా అధికమైంది.

4. లోపం, చికిత్స – భేదం:
అంతమాత్రాన చిట్టెలుక అబద్ధం చెప్పలేదు. పసితనంలోనే తీవ్ర పేగువాపు వచ్చిన కొందరు పిల్లలలో ఈ ప్రోటీన్‌ను అందుకునే గ్రాహకం జన్యులోపంతో ఉన్నదని 2009లో తేలింది. తాళమే చెడినప్పుడు ఎన్ని చెవులిచ్చినా తలుపు తెరుచుకోదు. అందుకే వారిలో ఒకరికి మూలకణాల మార్పిడి చేయగా గుణం కనిపించింది. అంటే చిట్టెలుక వ్యాధికారణాన్ని సరిగానే చూపింది. చికిత్సామార్గాన్ని మాత్రం పూర్తిగా చూపలేకపోయింది.

5. ముగింపు:
‘ఒక పదార్థం లోపిస్తే రోగం వస్తుంది’, ‘ఆ పదార్థాన్నిస్తే రోగం పోతుంది’ అనేవి రెండు వేర్వేరు ప్రతిపాదనలు. మొదటిది రుజువైతే రెండవది రుజువైనట్లు కాదు. శాస్త్రవిషయాన్ని తెలుగులో రాసేవారు ‘ఎలుకలలో’ అనే మాటను శీర్షికలోనే నిలపాలి. ఆ ఒక్క మాట జారిపోతే, ఇంకా రూపొందని మందును నమ్మి వాడుతున్న మందును మానుకునే ప్రమాదం రోగికి ఉంది.