ఊరి అపోహకు నాటకమే ఔషధం

మూర్ఛ మొదలైన మెదడు వ్యాధులను ప్రజలకు తెలియజెప్పడంలో రంగస్థలం చేయగల మేలు

వ్యాధులలో కొన్ని రోగిని మాత్రమే బాధిస్తాయి. మరికొన్ని రోగితోపాటు ఆ ఇంటి పరువును, ఆడపిల్ల పెళ్ళిని, పసివాని చదువును కూడా దెబ్బతీస్తాయి. మూర్ఛ వ్యాధి ఈ రెండవ కోవకు చెందుతుంది. పిల్లవానికి మలేరియా వచ్చిందని పొరుగువారితో నిస్సంకోచంగా చెప్పుకొనే తల్లి, అదే పిల్లవానికి ఫిట్స్ వచ్చాయని చెప్పుకోదు, దాచిపెడుతుంది. దాచినందువలన వైద్యం ఆలస్యమవుతుంది. వైద్యం లేనందువలన మూర్ఛలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. అవి నలుగురి కంటా పడినకొద్దీ ఊరి భయం రెట్టింపవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లోకంలో సుమారు 5 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. సరియైన రోగనిర్ణయం జరిగి, మందులు క్రమంగా వాడితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరు. మందు ఉన్నది, అది ఖరీదైనదేమీ కాదు. అయినా ఎందరో రోగులు మందు దాకా రాకపోవడానికి ముఖ్య కారణం అపోహ. ఈ అపోహ ఏ ఒక్కరి మనస్సులోనో పుట్టి పెరిగినది కాదు, ఊరంతా కలిసి పెంచుకున్నది. కనుక ఊరంతా కలిసి కూర్చున్న చోటనే దానిని తొలగించాలి. నాటక వేదిక అటువంటి చోటు.

మూర్ఛ అంటే ఏమిటి?

మెదడులోని కోట్లాది నాడీకణాలు స్వల్పమైన విద్యుత్ సంకేతాలతో పని చేస్తాయి. ఈ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పి చెలరేగినప్పుడు మూర్ఛ వస్తుంది. కాన్పు సమయంలో బిడ్డ మెదడుకు ప్రాణవాయువు చాలకపోవడం, తలకు బలమైన దెబ్బ తగలడం, మెదడువాపు, పక్షవాతం, మెదడులో గడ్డలు ఇందుకు కారణాలు కావచ్చు. మన దేశంలో మరొక ముఖ్య కారణం బద్దెపురుగు గ్రుడ్లు. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవారి ప్రేగులలో ఈ పురుగు పెరుగుతుంది. వారి మలం ద్వారా వెలువడిన గ్రుడ్లు మట్టిలోను, నీటిలోను, కూరగాయలపైన చేరి, ఇతరుల కడుపులోకి పోయి, మెదడులో తిత్తులుగా ఏర్పడతాయి. అందువలన శుద్ధ శాకాహారులకు కూడా ఈ విధమైన మూర్ఛ రావచ్చు. చాలామంది రోగులలో ఏ కారణమూ కనబడదు.

ఆయుర్వేదం ఈ వ్యాధిని అపస్మారం అన్నది. స్మృతి తొలగిపోవడమే దీని లక్షణం కనుక ఆ పేరు వచ్చింది. చరక సంహితలో నిదానస్థానంలోను, చికిత్సాస్థానంలోను దీనికి ప్రత్యేకాధ్యాయాలు ఉన్నాయి. వాతజం, పిత్తజం, కఫజం, సన్నిపాతజం అని నాలుగు విధాలుగా చరకుడు విభజించాడు. అంతేకాక, ఈ రోగిని నీటికి, నిప్పుకు, చెట్లకు, కొండలకు, ఎత్తుపల్లాల ప్రదేశాలకు దూరంగా ఉంచి కాపాడాలని, అవి తక్షణమే ప్రాణం తీయగలవని హెచ్చరించాడు. మూర్ఛ వచ్చే బాలుణ్ణి ఒంటరిగా బావిలో ఈతకు పంపరాదని, మూర్ఛ వచ్చే ఇల్లాలిని ఒంటరిగా పొయ్యి ముందు కూర్చోనీయరాదని నేటి వైద్యులు చెప్పేది కూడా ఇదే.

రంగస్థలానికి మూర్ఛ క్రొత్త కాదు

భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన 33 సంచారీభావాలలో అపస్మారం ఒకటి. నటుడు దానిని ఎట్లా అభినయించాలో కూడా అక్కడ ఉన్నది. వణకడం, దీర్ఘంగా నిట్టూర్చడం, నేలపై పడడం, చెమటలు పోయడం, నోట నురగ రావడం అందులో కొన్ని. కారణాలు చెప్పేటప్పుడు మాత్రం దేవతలు, యక్షులు, పిశాచాలు పట్టడాన్ని, పాడుబడిన ఇంటిలో ఉండడాన్ని, శరీర ధాతువులు చెడడాన్ని ఒకే వరుసలో చేర్చారు. మన పల్లెలలో నేటికీ ఈ కారణాలన్నీ కలిసే వినబడతాయి. గాలి సోకిందని కొందరు, దయ్యం పట్టిందని కొందరు, నరాల బలహీనత అని కొందరు అంటారు. నటరాజస్వామి పాదం క్రింద అణగి ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. అక్కడ ఆ పేరుకు అజ్ఞానం అని అర్థం చెబుతారు. రోగమూ, అజ్ఞానమూ ఒకే పేరు పంచుకున్నప్పుడు, రెండింటినీ వేరుచేసి చూపడం నాటకం చేయదగిన పని.

సురభి పుట్టిన సీమ

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు యురేనియం గని వలన దేశమంతటా తెలిసింది. ఆ ప్రాంతానికి అంతకంటె పాతదైన కీర్తి మరొకటి ఉన్నది. అదే పులివెందుల ప్రాంతంలోని చక్రాయపేట మండలంలో సురభి గ్రామం ఉన్నది. తోలుబొమ్మలు ఆడించి జీవించే కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు గారు 1885లో అక్కడ కీచకవధ నాటకాన్ని ప్రదర్శించారు. బొమ్మల స్థానంలో మనుషులు వచ్చారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించారు. ఆ కుటుంబాలే తరువాత సురభి నాటక సమాజాలుగా తెలుగునాడంతటా పేరు పొందాయి.

ఇది చెప్పడంలో ఉద్దేశం ఒకటే. వర్షం కోసం ఆకాశం వైపు చూసే ఈ సీమలో నాటకానికి కరువు రాలేదు. శ్రీరామనవమికి, తిరునాళ్ళకు వీధి నాటకం, బుర్రకథ, చెక్కభజన, తోలుబొమ్మలాట చూసిన జనం ఇది. చదువు రానివారికి కూడా కథ పట్టుకోవడం వచ్చు. ఆరోగ్య విషయాన్ని ఆ రూపంలో చెబితే దానికి వేరే పాఠశాల అక్కరలేదు.

కరపత్రం చేయలేనిది ఏమిటి?

మొదటిది కాలం. సాధారణంగా మూర్ఛ రెండు మూడు నిమిషాలలో దానంతట అదే తగ్గుతుంది. ఈ వాక్యాన్ని కరపత్రంలో చదవడానికి రెండు క్షణాలు చాలు. ఇంటిలో బిడ్డ కొట్టుకుంటున్నప్పుడు మాత్రం రెండు నిమిషాలు రెండు గంటలుగా తోస్తాయి. ఆ ఆదుర్దాలోనే తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం జరుగుతాయి. వేదికపై నటుడు ఆ రెండు నిమిషాలను పూర్తిగా గడచిపోనిస్తాడు. పక్కన ఉన్న పాత్ర అతనిని పక్కకు తిప్పి, తల క్రింద కండువా మడిచి పెట్టి, ఏమీ చేయకుండా వేచి ఉంటుంది. ప్రేక్షకులు కూడా వేచి ఉంటారు. మూర్ఛ తగ్గుతుంది. అది తగ్గుతుందని వారు కళ్ళారా చూస్తారు. సినిమాలో ఆ రెండు నిమిషాలను కత్తిరిస్తారు. నాటకంలో ఆ నిమిషాలే పాఠం.

రెండవది సమూహం. పెళ్ళికూతురి తల్లి ఒంటరిగా కరపత్రం చదివి విషయం తెలుసుకున్నా ఆమె భయం పోదు. వియ్యంకురాలికి తెలియదు కదా అన్నదే ఆమె భయం. నాటకాన్ని ఇద్దరూ ఒకే చాపపై కూర్చుని చూస్తారు. ఎదుటివారు కూడా చూశారని ఒకరికొకరికి తెలుస్తుంది. 1976 సవరణ ద్వారా హిందూ వివాహ చట్టంలో పదేపదే వచ్చే మూర్ఛను వివాహానికి అడ్డంకిగా చేర్చారు. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. చట్టం పుస్తకంలో మారిన విషయం పెళ్ళిచూపుల పందిరి దాకా చేరాలంటే ఇటువంటి సభలు కావాలి.

మూడవది రోగి అనుభవం. కొందరు పిల్లలలో మూర్ఛ క్రిందపడడంగా రాదు. ఐదు పది సెకన్లపాటు చూపు నిలిచిపోతుంది, మాట ఆగిపోతుంది, మళ్ళీ ఏమీ జరగనట్లే ఉంటారు. రోజుకు అనేకసార్లు ఇట్లా జరగవచ్చు. ఉపాధ్యాయుడు పరధ్యానం అనుకొని దండిస్తాడు. వేదికపై ఉపాధ్యాయుడు పాఠం చెబుతూ ఉండగా నడుమ నడుమ అతని పెదవులు కదిలి, గొంతు మాత్రం వినబడకుండా చేస్తే, ఆ బిడ్డ ఏమి కోల్పోతున్నాడో సభలోని ప్రతి తండ్రికి తెలుస్తుంది.

అనుభవం ఏమి చెబుతున్నది?

కళారూపాలతో ప్రజల మనస్సు మారుతుందా అని సందేహించేవారు పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాను గుర్తు చేసుకోవాలి. 1990 దశకం మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం కళాజాతలతో ఆ జిల్లా పల్లెపల్లెకు తిరిగింది. పాటలు, వీధి నాటికలు చూసి, వయోజన పాఠాలు చదివిన స్త్రీలు తమ ఇంటి కష్టం ఊరి కష్టమని గ్రహించారు. 1992లో దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా లేచిన స్త్రీల ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారి తీసింది. ఇంటి గుట్టుగా దాచుకున్న బాధ నలుగురిలో మాటగా మారినప్పుడు మార్పు మొదలైంది. మూర్ఛ కూడా అటువంటి గుట్టే.

మెదడు వ్యాధులనే వస్తువుగా తీసుకున్న నాటకాలు విదేశాలలో ఉన్నాయి. మహాభారతాన్ని 1985లో ఫ్రాన్సులో రంగస్థలంపై ప్రదర్శించిన పీటర్ బ్రూక్, నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్ వ్రాసిన రోగుల కథల ఆధారంగా 1993లో పారిస్‌లో ఒక నాటకం చేశారు. నలుగురు నటులే వంతులవారీగా వైద్యుడుగాను, రోగిగాను మారుతూ ఉండేవారు. ఈనాటి వైద్యుడే రేపటి రోగి కావచ్చునన్న సంగతి ఉపన్యాసం లేకుండానే అందులో తెలుస్తుంది. వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపు వ్యాధిపై ఫ్లోరియన్ జెల్లర్ వ్రాసిన నాటకం 2012లో పారిస్‌లోనే ప్రదర్శితమైంది. అందులో గదిలోని సామాను ఒక్కొక్కటిగా మాయమవుతుంది. కూతురు పాత్రలో ఉన్నట్లుండి వేరొక స్త్రీ వస్తుంది. ఆ వృద్ధుని గందరగోళాన్ని ప్రేక్షకుడే అనుభవిస్తాడు. కనురెప్పపాటులో తెరలు మార్చే నేర్పు గల సురభి వంటి సంప్రదాయానికి ఇది కష్టమైన పని కాదు.

పక్షవాతానికి వేదికపై ఒక పెద్ద గడియారం చాలు. మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం కనబడిన క్షణం నుండి ముల్లు కదులుతూ ఉండాలి. రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే పని చేస్తుంది. పసరు కోసం పొరుగూరికి పోయిన బండి తిరిగి వచ్చేసరికి ముల్లు ఎక్కడ ఉన్నదో ప్రేక్షకులే చూస్తారు.

ప్రదర్శించేవారికి సూచనలు

మూర్ఛను హాస్యానికి వాడరాదు. భయం పుట్టించేటట్లుగా అతిగా అభినయించరాదు. నిజమైన రోగిని వేదికపైకి పిలవరాదు. ఊరిలోని వారెవరినీ గుర్తుకు తెచ్చే పేర్లు పెట్టరాదు. భూతవైద్యుణ్ణి వెక్కిరిస్తే అతనిని నమ్మినవారు నొచ్చుకొని లేచిపోతారు. తల్లి ఎందుకు తాయెత్తు కట్టిందో సానుభూతితో చూపి, ఆ తరువాత వైద్యుని వద్దకు నడిపించాలి. నాటకం ముగిసిన వెంటనే ప్రేక్షకులలో ఇద్దరు ముగ్గురిని పిలిచి, మూర్ఛ వచ్చినవారిని పక్కకు తిప్పడం వారిచేతనే చేయించాలి. వైద్యుడో, ఆరోగ్య కార్యకర్తో ఆ రాత్రి అక్కడే ఉండాలి. నాటకం చూసి ధైర్యం తెచ్చుకున్న తల్లికి మరునాడు మందు దొరకకపోతే ఆ ధైర్యం మళ్ళీ రాదు.

గృహిణులు గుర్తుంచుకోవలసినవి

1. మూర్ఛ వచ్చినవారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. మెడ వద్ద బిగుతైన బట్టలు వదులు చేయవలెను. దగ్గరలోని రాళ్ళు, నిప్పు, పదునైన వస్తువులు తొలగించవలెను.

2. కాళ్ళుచేతులు గట్టిగా అదిమి పట్టరాదు. నోటిలో ఏ వస్తువూ పెట్టరాదు. పూర్తిగా తెలివి వచ్చేవరకు నీళ్ళు, కషాయం, మందు ఏదీ త్రాగించరాదు. ఇనుప వస్తువు చేతిలో పెట్టినందువలన మూర్ఛ తగ్గదు. తగ్గే సమయం వచ్చి తగ్గుతుంది.

3. గడియారం చూడవలెను. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా, గర్భిణికి వచ్చినా, మొదటిసారి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

4. దక్షిణ భారతంలో కొందరికి తలపై బాగా వేడినీళ్ళు పోసుకున్నప్పుడు మూర్ఛ వస్తుంది. అటువంటివారికి తలంటికి గోరువెచ్చని నీరే వాడవలెను. స్నానాల గది గడియ వేసుకోనీయరాదు.

5. కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛ రావచ్చు. పిల్లలకు దానిని లోపలికి ఇవ్వరాదు, అందుబాటులో ఉంచరాదు. మూర్ఛ ఉన్నవారు కర్పూరం, నీలగిరి తైలం కలిసిన మందులు వైద్యుని అడగకుండా వాడరాదు.

6. నిద్ర చెడరాదు. ఉపవాసాలు, జాగరణలు వైద్యుని సలహా లేకుండా చేయరాదు. కూరాకులు బాగా కడిగి వండవలెను. మలవిసర్జన తరువాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

7. బ్రాహ్మీఘృతం వంటి శాస్త్రీయ ఔషధాలను ఆయుర్వేద వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. వాటిని నమ్ముకొని, వాడుతున్న మూర్ఛ మాత్రలను హఠాత్తుగా మానరాదు. అట్లా మానితే ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు.

ఫిబ్రవరి రెండవ సోమవారం అంతర్జాతీయ మూర్ఛ దినం, నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. ఆ దినాలలో పట్టణాలలో సభలు జరుగుతాయి. పల్లెలో మాత్రం తిరునాళ్ళ రాత్రే అనువైన సమయం. రెండు గంటల పౌరాణిక నాటకానికి ముందు ఇరవై నిమిషాల నాటిక ఒకటి వేస్తే చాలు. ఆ ఇరవై నిమిషాలు చూసిన ఊరిలో, తరువాత ఎప్పుడైనా బడిలో ఒక పిల్లవాడు మూర్ఛతో పడిపోతే, తాళాల కోసం పరుగెత్తడానికి బదులు అతనిని పక్కకు తిప్పేవారు ఒక్కరైనా ఉంటారు. మరునాడు ఆ పిల్లవాడు బడికి వస్తే, అతని పక్కన కూర్చునేవారు కూడా ఉంటారు.